సముద్రపు నీటిలో సీసం కొలవడం ఎలా: చెన్నైలో మొదలుపెట్టేవారికి

చెన్నై ఎండాకాలంలో వీధుల్లో తిరిగే వాటర్ లారీ చూసే ఉంటారు. 12,000 లీటర్ల లారీ అనుకుందాం. తీరానికి బాగా దూరంగా వెళ్ళి, నడిసముద్రపు నీళ్ళతో దాన్ని నింపామనుకోండి. అందులో కరిగిన ఉప్పు నాలుగు వందల కిలోలకు పైనే ఉంటుంది. కరిగిన సీసం మాత్రం, లారీ మొత్తానికి కలిపి, ఒక్క ఉప్పు రవ్వంత. సుమారు 70 మైక్రోగ్రాములు. నాలుగు వందల కిలోల ఉప్పులోంచి ఆ ఒక్క రవ్వను వెతికి తూకం వేయడం లాంటిది ఈ పని.

ఇది చెన్నైలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల కోసం రాస్తున్నాను. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో, బీటెక్ ఎలక్ట్రానిక్సో చేస్తూ, ప్రాజెక్టుకు పనికొచ్చే విషయం కోసం చూసేవాళ్ళు చాలామంది. నేనూ అలా వచ్చినదాన్నే. కెమిస్ట్రీ వాళ్ళొకరు, ఎలక్ట్రానిక్స్ వాళ్ళొకరు జంటగా దిగితే మంచిది. ఒక్కరే చేయలేని ఘట్టం ఒకటుంది, అక్కడికొచ్చినప్పుడు చెబుతాను.

ముందు నీళ్ళలో దించి అక్కడికక్కడే సీసం కొలిచే సెన్సర్ తయారుచేసేసి, నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం అనుకునేవాళ్ళే ఎక్కువ. దయచేసి అలా చేయకండి. బాటిల్‌లో నీళ్ళు పట్టి ల్యాబ్‌లో సరిగ్గా కొలవడం చేతికి వచ్చాకే సెన్సర్ జోలికి వెళ్ళండి. సెన్సర్ చూపించే అంకె నిజమో కాదో తేల్చేది ఆ బాటిలే.

ఏ లోహంతో మొదలుపెట్టాలి

సీసం, దానికి తోడు కాడ్మియం. మొదటిసారికి ఈ రెండూ చాలు.

ఇనుము ఆశ పెడుతుంది. సముద్రంలో కొన్నిచోట్ల నైట్రేటు పుష్కలంగా ఉన్నా, ఇనుము చాలకే నాచు ఎదగదని సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ చెప్పిన తర్వాత ప్రపంచమంతా ఇనుము వెంట పడింది. మన గోవా శాస్త్రవేత్తలు, జర్మనీ వాళ్ళు కలిసి 2009లో దక్షిణ మహాసముద్రంలో చేసిన ప్రయోగం పేరే లోహాఫెక్స్. హిందీలో లోహా అంటే ఇనుము. కానీ సముద్రపు ఉపరితలంలో ఇనుము లీటరుకు ఒక నానోమోల్ కన్నా తక్కువ. మన చుట్టూ ఉన్న మేకు, గొళ్ళెం, రేకు, దుమ్ము అన్నిట్లోనూ ఇనుమే. జింకు ఇంకా కష్టం: రబ్బరులో ఉంటుంది, సన్‌స్క్రీన్‌లో ఉంటుంది, పౌడర్ పూసిన గ్లౌజుల్లో ఉంటుంది. రాగి సముద్రంలో దాదాపు అంతా సేంద్రియ పదార్థాలకు అతుక్కుని ఉంటుంది, దాన్ని విడగొట్టడానికి యూవీ దీపం కావాలి.

సీసానికి ఒక చరిత్ర కూడా ఉంది, దాన్ని తెలుసుకుంటే పని మీద గౌరవం పెరుగుతుంది. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్, ఆ లెక్క కోసం సీసం కొలుస్తున్నప్పుడు తన ల్యాబ్‌లో ఎక్కడ చూసినా సీసమే అని గుర్తించాడు. గాలిలో, గోడ మీద, మనిషి జుట్టులో. అంతకుముందు సముద్రపు సీసం గురించి అచ్చయిన అంకెల్లో చాలావరకు సముద్రానివి కావు, కొలిచినవాళ్ళ ల్యాబ్‌లవి. ఆయన శుభ్రమైన ల్యాబ్ కట్టుకుని కొలిస్తే, లోతుల్లో కన్నా పైనీళ్ళలో సీసం ఎక్కువని తేలింది. కారణం సీసం కలిపిన పెట్రోలు పొగ. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో ఆగింది.

ఇప్పుడు లెక్క చూసుకోండి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. నడిసముద్రంలో ఉండేది అందులో వెయ్యోవంతు, అంతకన్నా తక్కువ కూడా. కాలేజీ ల్యాబ్‌లో మీరు చేయబోయే పద్ధతి లీటరుకు 0.1, 0.2 మైక్రోగ్రాముల దగ్గర ఆగిపోతుంది. అంటే నడిసముద్రం మీకు అందదు. నది ముఖాలు, హార్బర్లు, పారిశ్రామిక క్రీకులు అందవచ్చు. ఈ హద్దును మొదటి రోజే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఎక్కడి నీళ్ళు

ఉత్తరాన ఎన్నూర్ క్రీక్ ఉంది. కొసస్తలై నది కలిసేచోటు, థర్మల్ కేంద్రాల బూడిద చేరేచోటు. 2017 జనవరిలో, మళ్ళీ 2023 డిసెంబరు వరదల్లో చమురు పడింది కూడా ఆ ప్రాంతంలోనే. దక్షిణాన అడయార్ ముఖం. మధ్యలో కాసిమేడు చేపల హార్బర్. హార్బర్లు, పోర్టుల లోపల నీళ్ళు తీయాలంటే కాలేజీ లెటర్‌తో ముందుగా అనుమతి తీసుకోండి.

నా సలహా: ఒకే నది ముఖాన్ని తీసుకోండి. లోపలి చప్పటి నీళ్ళ నుంచి బయటి ఉప్పునీళ్ళ దాకా ఆరేడు చోట్ల నీళ్ళు పట్టండి. ప్రతిచోటా ఉప్పుదనం కొలవండి. తర్వాత గ్రాఫు మీద అడ్డంగా ఉప్పుదనం, నిలువుగా సీసం పెట్టండి. చుక్కలు సరళరేఖలో వస్తే నది నీళ్ళు, సముద్రపు నీళ్ళు ఉత్తినే కలుస్తున్నాయని అర్థం. మధ్యలో చుక్కలు రేఖకు పైకి ఉబ్బితే దారిలో ఎక్కడో సీసం వచ్చి చేరుతోంది: కాలువ కావచ్చు, బురద కదలడం కావచ్చు. కిందికి కుంగితే సీసం రేణువులకు అంటుకుని అడుగుకు దిగిపోతోంది. ఒక్క చోట పట్టిన ఒక్క బాటిల్ ఇదేమీ చెప్పలేదు.

ఆటుపోట్ల సమయం చూసుకుని వెళ్ళండి. పోటు మీదున్నప్పుడు ఒకసారి, ఆటు మీదున్నప్పుడు ఒకసారి. ఇసుక మేట వేసి ముఖం మూసుకుపోయిన రోజుల్లో గ్రాఫు మొత్తం మారిపోతుంది, ఆ విషయం తప్పకుండా రాసుకోండి.

బాటిళ్ళు కడగడం: వారం పది రోజుల పని

గాజు బాటిల్ వద్దు. సీసం గాజు గోడలకు పట్టుకుంటుంది. మెత్తటి ఎల్‌డీపీఈ ప్లాస్టిక్ బాటిళ్ళు తీసుకోండి, మూతలు కూడా తెల్లవే. ఎరుపు, పసుపు మూతల రంగుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఉంది.

మొదట సబ్బు ద్రావణంలో ఒక రోజు నానబెట్టండి. నురగ పోయేదాకా నీళ్ళతో కడగండి. తర్వాత పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వారం రోజులు ముంచి ఉంచండి. మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు, కానీ పని ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, కళ్ళద్దాలు పెట్టుకునే. బాటిల్‌ను ముంచేటప్పుడు మెల్లగా వంచి, లోపల గాలి బుడగ మిగలకుండా చూడండి. బుడగ ఉన్నచోట యాసిడ్ తగలదు, ఆ చోటు శుభ్రం కాదు. వారం తర్వాత తీసి మిల్లీ-క్యూ నీళ్ళతో (ల్యాబ్‌లో దొరికే అతిశుద్ధమైన నీళ్ళు) ఐదుసార్లు కడగండి. ప్రతిసారీ మూత పెట్టి, తలకిందులు చేసి, మరలు కూడా తడిసేలా కదిపి పారబోయండి. ఆఖరున కొద్దిగా శుద్ధ యాసిడ్ కలిపిన మిల్లీ-క్యూ నీళ్ళు నింపి, ఒక జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ను ఇంకో జిప్ కవర్లో పెట్టండి. పడవెక్కేదాకా వాటిని తెరవకండి.

గ్లౌజులు పౌడర్ లేనివే కొనండి. ఉంగరాలు, గాజులు, గడియారం ఇంట్లో పెట్టి రండి.

పడవ మీద ఇద్దరు

ఒక్కరితో కాని ఘట్టం ఇదే. ఒకరివి మురికి చేతులు, ఇంకొకరివి శుభ్రపు చేతులు. మురికి చేతులవారు బయటి కవర్‌ను తాకుతారు, గడ పట్టుకుంటారు, పడవ వాళ్ళతో మాట్లాడతారు, ఉప్పుదనం కొలుస్తారు. శుభ్రపు చేతులవారు లోపలి కవర్‌ను, బాటిల్‌ను తప్ప దేన్నీ ముట్టరు. ముక్కు దురద పెట్టినా గోక్కోరు. గోక్కుంటే గ్లౌజు మార్చాలి.

మొదట్లో నన్ను పడవలో తీసుకెళ్ళిన పెద్దాయన పులికాట్ వైపు తెలుగాయన. ఇంజిన్ ఆపమంటే ఆపకుండా ఒక ప్రశ్న వేశాడు.

"ఇంత నీళ్ళ కోసం ఇంత దూరం ఎందుకమ్మా? ఒడ్డునే ముంచుకోవచ్చుగా?"

"ఒడ్డున అడుగు బురద లేస్తుంది మామా. పడవ నీళ్ళు కూడా నాకొద్దు. ఇంజిన్ ఆపు, ముక్కు గాలికి ఎదురుగా పెట్టు."

ఆయన నవ్వి ఇంజిన్ ఆపాడు. పొగ వెనక్కి పోయింది. పడవ ముందు భాగం నుంచే నీళ్ళు పట్టాలి, అదీ ప్రవాహానికి ఎదురుగా. పడవ అడుగున నాచు పట్టకుండా పూసే రంగులో రాగి ఉంటుంది, ఇంజిన్ నూనె వెనక నుంచి కారుతుంది. రెండు మూడు మీటర్ల గడ చివర బాటిల్ కట్టండి. వెదురు గడ ఫరవాలేదు. పీవీసీ పైపు మాత్రం వద్దు, కారణం సెన్సర్ దగ్గర చెబుతాను.

బాటిల్‌లోని యాసిడ్ నీళ్ళను వెంట తెచ్చిన డబ్బాలో పారబోయండి, సముద్రంలో కాదు. బాటిల్‌ను తలకిందులుగా నీళ్ళలోకి దించి, ఒక అడుగు లోతుకు పోయాక తిప్పండి. నీటి పైపొర మీద నూనె, దుమ్ము తేలుతుంటాయి, అది లోపలికి రాకూడదు. మూడుసార్లు అదే నీళ్ళతో కడిగి, నాలుగోసారి నింపండి.

ఇంకో బాటిల్ తప్పనిసరి. ల్యాబ్ నుంచి మిల్లీ-క్యూ నీళ్ళు నింపి తెచ్చిన బాటిల్‌ను పడవ మీద తెరిచి, శాంపిల్ బాటిల్ ఎంతసేపు తెరుచుకుని ఉందో అంతసేపు ఉంచి మూసేయండి. ఆ తర్వాత అన్ని పనులూ దానికీ చేయండి. దీన్ని ఫీల్డ్ బ్లాంక్ అంటారు. శాంపిల్‌లో కనిపించే సీసంలో మీ చేతుల వల్ల, పడవ వల్ల, ల్యాబ్ వల్ల చేరింది ఎంతో చెప్పేది ఇదొక్కటే. పది శాంపిళ్ళకు కనీసం ఒక బ్లాంక్. నన్నడిగితే రెండు.

ఆ సాయంత్రమే ఫిల్టర్, యాసిడ్

మరునాటికి వాయిదా వేయకండి. 0.45 మైక్రాన్ల సిరంజి ఫిల్టర్ సరిపోతుంది. నల్ల రబ్బరు బిరడా ఉన్న సిరంజి కాకుండా, మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన రెండు ముక్కల సిరంజి అడగండి. ఫిల్టర్‌లోంచి మొదట వచ్చే ఇరవై ముప్ఫై మిల్లీలీటర్లు పారబోయండి. తర్వాతవి కొత్త శుభ్రమైన బాటిల్‌లోకి. లీటరుకు 2 మిల్లీలీటర్ల లెక్కన అతిశుద్ధమైన గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలపండి. పీహెచ్ 1.8 దగ్గరకు వస్తుంది. ఆ పుల్లదనంలో సీసం గోడలకు అంటుకోదు, సేంద్రియ పదార్థాల పట్టు కూడా చాలావరకు వదులుతుంది. వీలైతే నెల రోజులు అలా ఉంచి కొలవండి.

కొలత

సముద్రపు నీటిని నేరుగా పెద్ద యంత్రాల్లోకి పంపితే ఉప్పు అడ్డుపడుతుంది. విద్యుత్ రసాయన పద్ధతిలో ఆ ఉప్పే మనకు సాయం, నీళ్ళలో కరెంటు తేలిగ్గా పారుతుంది. యారొస్లావ్ హేరోవ్‌స్కీ 1922లో ప్రాగ్‌లో పాదరసపు చుక్కతో మొదలుపెట్టి, 1959లో నోబెల్ అందుకున్న దారి ఇది. పాదరసం విషం కాబట్టి, 2000లో జోసెఫ్ వాంగ్ బృందం చూపించిన బిస్మత్ పొరను వాడదాం.

ఆలోచన చాలా సులువు. ఒక కార్బన్ ఎలక్ట్రోడు మీద రుణ వోల్టేజి పెడితే నీళ్ళలోని సీసం అయాన్లు వచ్చి లోహంగా పేరుకుంటాయి. ఐదు నిమిషాలు కూడబెట్టి, తర్వాత వోల్టేజిని ధన దిక్కుకు జరిపితే అదంతా ఒక్కసారి కరిగి బయటికి వస్తుంది. ఆ క్షణంలో కరెంటు ఒక శిఖరంలా లేస్తుంది. ఒక్కో లోహం ఒక్కో వోల్టేజి దగ్గర లేస్తుంది.

తొమ్మిది మిల్లీలీటర్ల శాంపిల్‌కు ఒక మిల్లీలీటరు గాఢమైన అసిటేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలిపి పీహెచ్ 4.5కు తెండి. పీహెచ్ మీటరు ఎలక్ట్రోడును శాంపిల్‌లో ముంచకండి. ఒక చుక్క విడిగా తీసి పేపరు మీద చూడండి. లీటరుకు 500 మైక్రోగ్రాములు వచ్చేలా బిస్మత్ కలపండి. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడును 0.05 మైక్రాన్ల అల్యూమినా ముద్దతో మెత్తటి గుడ్డ మీద, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, అద్దంలా మెరిసేదాకా రుద్ది కడగండి. తర్వాత సెట్టింగులు: మైనస్ 1.1 వోల్టుల దగ్గర 300 సెకన్లు, అంతసేపూ ఒకే వేగంతో కలుపుతూ. కలపడం ఆపి 15 సెకన్లు నిలకడ. ఆపైన స్క్వేర్ వేవ్ (వోల్టేజిని మెట్లుమెట్లుగా, పైకీ కిందికీ ఊపుతూ జరపడం), 25 హెర్ట్జ్, 25 మిల్లీవోల్టుల ఎత్తు, ఒక్కో మెట్టు 4 మిల్లీవోల్టులు, మైనస్ 0.35 దాకా. సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (వోల్టేజిని దేనితో పోల్చి చూస్తామో ఆ ఎలక్ట్రోడు) చూస్తే మైనస్ 0.8 దగ్గర కాడ్మియం, మైనస్ 0.6కు 0.5కు మధ్య సీసం కనిపిస్తాయి. అయ్యాక ప్లస్ 0.3 దగ్గర అర నిమిషం ఉంచి పాత పొరను వదిలించండి.

శిఖరం ఎత్తును అంకెగా మార్చడానికి స్టాండర్డ్ అడిషన్ చేయండి, అంటే తెలిసినంత సీసం కలుపుతూ శిఖరం ఎంత పెరుగుతోందో చూడటం. ఉదాహరణకు శాంపిల్ శిఖరం 0.60 మైక్రోఆంపియర్లు వచ్చింది. అదే సెల్‌లో లీటరుకు 1 మైక్రోగ్రాము పెరిగేలా సీసం కలిపితే 1.00, ఇంకొకటి కలిపితే 1.40. మైక్రోగ్రాముకు 0.40 చొప్పున పెరుగుతోంది కాబట్టి మొదట ఉన్నది 1.5. ఇదే విధంగా ఫీల్డ్ బ్లాంక్ 0.3 వచ్చిందనుకోండి. తీసేస్తే 1.2. బఫర్ వల్ల నీళ్ళు పలచబడ్డాయి గనక 0.9తో భాగిస్తే 1.33. లీటరుకు 1.33 మైక్రోగ్రాములు, అంటే సుమారు 6.4 నానోమోళ్ళు.

బ్లాంక్‌ను పదిసార్లు కొలిచి, ఆ పది అంకెల ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించండి. అదే మీ హద్దు. హద్దుకు కిందున్న అంకెను అంకెగా రాయకండి, 'హద్దుకన్నా తక్కువ' అని రాయండి. అది ఫెయిల్ కాదు, అదీ ఫలితమే.

కాడ్మియం, సీసం కలిసిన మిగులు నీళ్ళను సింకులో పోస్తే అవి చివరికి కూవంలోకో, అడయార్లోకో వెళ్ళొచ్చు. మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో జమచేసి ల్యాబ్ ప్రమాదకర వ్యర్థాల వారికి అప్పగించండి.

నడిసముద్రపు నీళ్ళే కొలవాలని పట్టుదల ఉంటే, లోహాలను పట్టుకునే రెసిన్ గుండా లీటరు నీళ్ళు పంపి, పది మిల్లీలీటర్ల నైట్రిక్ యాసిడ్‌లోకి దించుకుని, అతి తక్కువ లోహాన్ని కూడా కొలవగల ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఉన్న ల్యాబ్‌కు వెళ్ళాలి. కెనడా వాళ్ళు అమ్మే నాస్, కాస్ అనే ప్రామాణిక సముద్రపు నీళ్ళను పక్కన పెట్టుకుని కొలవాలి. అది తర్వాతి మెట్టు.

ఇక సెన్సర్

మౌంట్ రోడ్ పక్కన, ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళండి. అన్నిటినీ నడిపించే ఈఎస్‌పీ32 బోర్డు, వోల్టేజి ఇవ్వడానికి ఎంసీపీ4725 చిప్, కరెంటు చదవడానికి ఏడీఎస్1115 చిప్, ఒక ఎల్ఎంసీ6484 ఆప్-ఆంప్ (సన్నని సిగ్నల్‌ను పెంచే చిప్). దాదాపు ఇంతే. 3.3 వోల్టుల మీద నడిపి, సగం వోల్టేజిని మధ్య బిందువుగా పెట్టుకుంటే అటూ ఇటూ 1.65 వోల్టులు దొరుకుతాయి. కరెంటు కొలిచే ఆంప్‌కు 100 కిలో ఓముల రెసిస్టర్ పెడితే ఏడీఎస్1115 ఒక మెట్టు 0.6 నానోఆంపియర్ల దగ్గరుంటుంది, మన శిఖరాలకు సరిపోతుంది.

నీళ్ళలో పెట్టేముందు ఎలక్ట్రోడ్ల స్థానంలో 100 కిలో ఓముల రెసిస్టర్ కలపండి. వోల్టేజి జరిపితే తిన్నని గీత రావాలి, మైనస్ 1 వోల్టు దగ్గర 10 మైక్రోఆంపియర్లు రావాలి. గీత వణుకుతుంటే చాలావరకు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గోలే. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మీద నడిపి, బోర్డును స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, డబ్బాను సర్క్యూట్ గ్రౌండ్‌కు కలపండి. తేడా మీ కళ్ళకే కనిపిస్తుంది.

రిఫరెన్స్ ఎలక్ట్రోడుకు వెండి తీగ కావాలి. నగల షాపులో వెండి అంటే ఎక్కువగా 92.5 ఇస్తారు, మిగతాది సాధారణంగా రాగి. 999 తీగ కావాలని అడగండి. గరుకు కాగితంతో రుద్ది, బట్టల బ్లీచ్‌లో అరగంట ఉంచితే తీగ ముదురు బూడిదరంగుకు తిరుగుతుంది. అది సిల్వర్ క్లోరైడ్ పొర. నడిసముద్రంలో క్లోరైడ్ దాదాపు మారదు కాబట్టి ఈ తీగను నేరుగా ముంచినా పనిచేస్తుంది. నది ముఖంలో అలా కాదు. క్లోరైడ్ సగానికి పడితే రిఫరెన్స్ 18 మిల్లీవోల్టులు, పదోవంతుకు పడితే 59 మిల్లీవోల్టులు జరుగుతుంది. ఉప్పుదనం కొలిచే ప్రోబ్‌ను పక్కనే పెట్టి ఆ జరుగుబాటును లెక్కలో సరిదిద్దండి. ఉష్ణోగ్రత కూడా రాయండి, ఒక్కో డిగ్రీకి లోహం కదిలే వేగం సుమారు రెండు శాతం మారుతుంది.

కార్బన్ ఎలక్ట్రోడు మీద బిస్మత్ పొరను ల్యాబ్‌లోనే ముందుగా వేసుకోవాలి. సముద్రపు పీహెచ్ 8 దగ్గర బిస్మత్ నీళ్ళలో నిలవదు, అక్కడికక్కడ పొర వేయడం కుదరదు. పొర మీద పలచగా అగరోజ్ జెల్ పూత వేస్తే జిగురు, నాచు ఎలక్ట్రోడును తాకవు. జెనీవా పరిశోధకులు సముద్రంలో దించిన సెన్సర్లలో ఈ ఉపాయమే వాడారు. జెల్లీ, పుడ్డింగులకు వాడే చైనా గ్రాస్ చూడటానికి ఒకేలా ఉన్నా పనికిరాదు, దాని లోహాలు దానికుంటాయి. జెల్ ఉంటే ప్రతి కొలతకు ముందు పది నిమిషాలు ఆగండి, లోహం లోపలికి చేరడానికి టైమ్ పడుతుంది.

బకెట్ పరీక్ష, నేను చేసిన తప్పు మీరూ చేయకుండా

ఈ పరీక్షను నేను మొదట చేయలేదు, అదే నా తప్పు. మొదటి సెన్సర్‌కు ఒళ్ళు కావాలని, ఇంటి మరమ్మతుల్లో మిగిలిన పీవీసీ పైపు ముక్క కోసి వాడాను. ఎన్నూర్లో దించితే సీసం బాగా ఎక్కువ వచ్చింది. మూడు వారాలు అది ఎక్కడి నుంచి వస్తోందా అని కాలువ వెంట తిరిగాను. పక్కనే పట్టిన బాటిళ్ళు మాత్రం అందులో పావు వంతు కూడా చూపలేదు. బాటిళ్ళనే అనుమానించాను. చివరికి ఒక రాత్రి, నీలాంకరై నుంచి తెచ్చిన శుభ్రమైన సముద్రపు నీళ్ళ బకెట్‌లో సెన్సర్‌ను పెట్టి పడుకున్నాను. పొద్దున్నే లేచి ముందు రాత్రి బాటిల్‌ను, ఆ పొద్దుటి బాటిల్‌ను కొలిచాను. రాత్రికి రాత్రి సీసం పెరిగింది. వేడికి పీవీసీ పాడవకుండా కలిపిన సీసపు రసాయనం మెల్లగా నీళ్ళలోకి దిగుతోంది. పీవీసీ పైపుల్లో సీసాన్ని తొలగించడానికి మన దేశంలో 2021లో నియమాలు వచ్చాయి, పాత పైపుల్లో మాత్రం అది ఉండనే ఉంది. ఆ మూడు వారాల డేటా మొత్తం కొట్టేశాను. కొట్టేసినప్పుడు ఏడుపొచ్చింది.

కాబట్టి ఒళ్ళు పాలీప్రొపిలీన్‌తోనో, యాక్రిలిక్‌తోనో చేయండి. మామూలు సోల్డర్‌లో నలభై శాతం దాకా సీసమే ఉంటుంది. లెడ్-ఫ్రీ సోల్డర్ వాడండి, సోల్డరింగ్ టేబుల్‌ను నీళ్ళ పని నుంచి వేరే గదిలో పెట్టండి. ఇత్తడి మరలు వద్దు. నాచు పట్టకుండా చాలామంది రాగి టేపు చుడతారు, తర్వాత రాగి కొలిచే ఆలోచన ఉంటే అది వద్దు. బోయాలకు, పడవలకు తుప్పు ఆపడానికి కట్టే జింకు ముద్దల పక్కన సెన్సర్ కట్టకండి. అంతా బిగించాక శుభ్రమైన సముద్రపు నీళ్ళ బకెట్‌లో ఒక రాత్రి ఉంచి, ముందూ తర్వాతా బాటిల్ పట్టి కొలవండి. తేడా లేకపోతేనే తీరానికి తీసుకెళ్ళండి.

దించడం

మొదట ఒక జెట్టీ నుంచి, మీటరు లోతులో, రెండు గంటలు. చెన్నై వెచ్చని నీళ్ళలో రెండు మూడు రోజుల్లోనే జిగురు పట్టడం మొదలవుతుంది, వారాల తరబడి వదిలేసే సెన్సర్ మొదటి ఏడాది పని కాదు. సెన్సర్ ప్రతిసారి చదివే సమయానికే పక్కన ఒక బాటిల్ పట్టండి.

రెండు అంకెలూ కలవవు. కంగారు పడకండి. యాసిడ్ కలిపిన బాటిల్ కరిగిన సీసం మొత్తాన్ని చెబుతుంది. సెన్సర్ సహజమైన పీహెచ్‌లో స్వేచ్ఛగా ఉన్న, తేలిగ్గా విడివడే భాగాన్నే చూస్తుంది. జీవాలకు ఎక్కువగా అందేది ఆ భాగమే కాబట్టి సెన్సర్ అంకెకు దాని విలువ దానికుంది. రెండింటి నిష్పత్తి పోటుకు ఆటుకు ఎలా మారుతోందో చూడండి. అక్టోబరులో వానలకు ముందు ఒకసారి, జనవరిలో వానలు వెనక్కి తగ్గాక ఒకసారి ఇదే వరుసలో చేస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది.

పడవ వాళ్ళకు ఏం చెప్పాలి

మీరు అంకెలు తెచ్చుకున్నాక, పడవ ఇచ్చినవాళ్ళు అడుగుతారు. నన్ను ఆ పెద్దాయన సూటిగా అడిగాడు: "మా చేపలు తినొచ్చా, తినకూడదా?"

నీటి అంకెతో చేప గురించి తీర్పు చెప్పకండి. చేప కండను విడిగా యాసిడ్‌లో కరిగించి కొలవాలి, అది వేరే పని. మీ మాట సంతలోకి వెళ్ళి ఆ రోజు ఆయన చేపలు అమ్ముడుపోకుండా చేయగలదు. నేను గ్రాఫు ముద్రించి తీసుకెళ్ళాను. ఇదిగో ఇక్కడ కాలువ కలుస్తుంది, ఇక్కడ సీసం కొంచెం పైకి లేచింది, బయట సముద్రంలో మా పరికరానికి అందనంత తక్కువ ఉంది, చేపను మేము కొలవలేదు అని చెప్పాను. ఆయన గ్రాఫు మీద కాలువ దగ్గరి చుక్కను వేలితో నొక్కి, ఆ చోటికి ఏ తిథిన, ఏ వేళకు వెళితే నల్లనీళ్ళు దిగుతాయో చెప్పాడు. తర్వాతి సారి మేము ఆ వేళకే వెళ్ళాం, బ్లాంక్ బాటిళ్ళు మూడు పెట్టుకుని.